పాత జీపు చాసీకి పాత క్రాస్ మెంబర్లే వేయించా: విజయవాడ ఆటోనగర్ జీపుల మేస్త్రి షెడ్డు రివ్యూ

ముందే చెప్పేస్తా, పాత జీపు చాసీ పని (చాసీ అంటే బాడీనీ ఇంజిన్‌నీ మోసే అడుగు ఫ్రేం) విజయవాడలో ఎక్కడ చేయించాలి అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఈ ఒక్క షాపే చెప్తాను. ఆటోనగర్ లోపల లారీ బాడీలు కట్టే షెడ్లు దాటాక స్క్రాప్ కొట్ల లైన్‌లో చివర్లో ఉంటుంది, బోర్డు లేదు, ముందు ఇంజిన్ లేని జీపు చాసీ ఒకటి గోడకి నిలబెట్టి ఉంటుంది అదే గుర్తు, 'జీపుల మేస్త్రి షెడ్డు' అంటే పక్కన టీ కొట్టు వాళ్ళు కూడా చూపిస్తారు. రివ్యూ కొంచెం పెద్దగానే ఉంటుంది, ఎందుకంటే పాత బండ్లు ఉన్నవాళ్ళు పెయింట్ గురించి, సీట్ల గురించి, అల్లాయ్ వీల్స్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు గానీ చాసీ దగ్గరకొచ్చేసరికి దారిలో దొరికిన వెల్డర్ చేతిలో పెట్టేస్తున్నారు, మంచి మంచి బండ్లు అలా పాడైపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

బండి సంగతి చెప్తా. మాది 1968 మహీంద్రా సీజే 3బీ, మా పెదనాన్న గారిది, జంగారెడ్డిగూడెం దగ్గర వర్జీనియా పొగాకు వేసే రోజుల్లో దీనికి ట్రైలర్ తగిలించి పొగాకు కాల్చే బేరన్లకి కట్టెలు తోలేవాళ్ళు. బానెట్ ఎత్తుగా ఉండే మోడల్ ఇది, లోపల ఉన్నది హరికేన్ ఇంజిన్, ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లో ఉంటాయి ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి, దానివల్ల ఇంజిన్ ఎత్తు పెరిగింది, ఇంజిన్ కోసం బానెట్ లేపారు. 2.2 లీటర్ల పెట్రోల్, మూడు గేర్లు, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలు. చాలామంది మైలేజీ కోసం డీజిల్ ఇంజిన్లు దింపేసుకున్నారు, పెదనాన్న మాత్రం ఒప్పుకోలేదు, అందుకని మా బండి పుట్టినప్పటి ఇంజిన్‌తోనే ఉంది.

సమస్య ఎక్కడ మొదలైందంటే వెనక క్రాస్ మెంబర్ దగ్గర, అంటే చాసీ రెండు సైడ్ చానళ్ళనీ కలిపే అడ్డ ముక్క దగ్గర. ట్రైలర్ కొక్కెం దానికే బిగించి ఏళ్ళ తరబడి లాగారు కదా, కొక్కెం చుట్టూ రేకు బయటికి ఉబ్బింది, రెండు చివర్లా రివెట్ల రంధ్రాలు కోడిగుడ్డు షేపుకి వచ్చేశాయి, ఎడమ వైపు సైడ్ చానల్‌కి చీలిక కూడా వచ్చింది. మిలిటరీ జీపుల్లో అయితే కొక్కెం దగ్గర్నుంచి సైడ్ చానళ్ళకి ఏటవాలుగా రెండు బ్రేసులు ఇచ్చారు, లాగుడు బరువు చాసీ మొత్తానికి పంచడానికి. మా బండికి ఎవరో ఊళ్ళో కొక్కెం పెట్టినప్పుడు అవేం లేకుండా నాలుగు బోల్టులు కొట్టి వదిలేశారు. ఇంక గేర్ బాక్స్ కింద ఉండే మధ్య క్రాస్ మెంబర్ కిందికి జారింది, రాళ్ళ మీద, గట్ల మీద తగిలి తగిలి. అది జారితే గేర్ బాక్స్ తోక కిందికి వాలుతుంది, వాలితే గేర్ బాక్స్ నుంచి ఇరుసుకి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ యాంగిల్ మారుతుంది, క్లచ్ లింకేజీ కుదరదు, మా బండికి గుంటలో దిగినప్పుడల్లా గేరు జారిపోయేది, అందరూ గేర్ బాక్స్ విప్పమనే చెప్పారు, నిజానికి గేర్ బాక్స్‌లో ఏ జబ్బూ లేదు.

ఈ మేస్త్రి గారి దగ్గరకి రాకముందు మా ఊరికి దగ్గర్లో ఒక వర్క్‌షాపులో వెనక చీలికకి వెల్డింగ్ పెట్టించారు మా వాళ్ళు. చానల్ కింది అంచు మీద అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా లావుపాటి వెల్డింగ్ గీత గీశారు. చూడ్డానికి గట్టిగానే ఉంది, కొన్నాళ్ళకి సరిగ్గా ఆ గీత పక్కనే, వెల్డింగ్ వేడికి మారిపోయిన ఇనుము దగ్గర కొత్త చీలిక మొదలైంది. తర్వాత అడిగిన ఇంకో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు ఒకరు బిల్డింగులకి వాడే 75 మిల్లీమీటర్ల ఇనుప చానల్ (75 చానల్ అంటారు) కోసి పెట్టేద్దాం అన్నారు, ఇంకొకరు సైడ్ చానళ్ళు లోపలి వైపు ప్లేటు కొట్టి మొత్తం బాక్సు చేసేద్దాం అన్నారు. విదేశీ దారి కూడా చూశా, ఫిలిప్పీన్స్‌లో ఎండీ జువాన్ అనే కంపెనీ విల్లీస్ (మహీంద్రాకి ఈ మోడల్ ఇచ్చిన అమెరికా కంపెనీ) జీపులకి కొత్త బాడీలు, పార్టులు చేస్తుంది, వేరే దేశాల వాళ్ళు కూడా తెప్పించుకుంటారు, కానీ షిప్పింగూ డ్యూటీ కలిపి చూస్తే మనకి గిట్టే పని కాదు, పైగా మన బండి ఇనుము మన దగ్గర ఉండగా ఎందుకు అనిపించింది.

మేస్త్రి గారు బండి కింద పడుకుని టార్చ్ వేసి చాలాసేపు చూశారు, ఏం మాట్లాడలేదు, లేచొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్న మొదటి మాట "దీనికి కొత్త ఇనుము ఎక్కించొద్దండి, దీని జాతి ముక్కే వెతికి పెడదాం" అని. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

ఎందుకు జాతి ముక్క అనేది కాస్త వివరంగా రాస్తా, ఇదే ఈ రివ్యూకి ప్రాణం. జీపు చాసీ అంటే నిచ్చెన లాంటిది, రెండు నిలువు బొంగులు, మధ్యలో మెట్లు. సైడ్ చానళ్ళు 'సీ' ఆకారంలో ఒకవైపు తెరిచి ఉంటాయి. అలాంటి చానల్ కిందికి ఒంగకుండా బాగా ఆపుతుంది కానీ మెలి తిప్పితే తేలిగ్గా తిరిగిపోతుంది. ఒక చక్రం గట్టు ఎక్కి ఇంకోటి గుంటలో ఉన్నప్పుడు చాసీ మెలి తిరుగుతుంది, రెండు చానళ్ళూ దేని దారిన అది పోకుండా పట్టుకునేవి ఈ క్రాస్ మెంబర్లే. అంటే క్రాస్ మెంబర్ బలం ఎంత ముఖ్యమో అది చానల్‌ని పట్టుకున్న జాయింటు అంత ముఖ్యం. మన జీపుకి కంపెనీ ఇచ్చినవి రేకు ప్రెస్ చేసి తీసిన మెంబర్లు, అవి కాస్త మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తాయి. అక్కడ 75 చానల్ పెడితే ఏమవుతుంది, అది మీటరుకి సుమారు 7 కిలోలు తూగే బిల్డింగ్ ఇనుము, అది ఒంగదు, అది ఒంగకపోతే ఆ మెలిక అంతా పోయి దాని పక్కన ఉన్న పాత పల్చటి చానల్ మీద పడుతుంది, చీలిక కొత్త చోటుకి మారుతుంది అంతే.

బాక్సు చేయడం గురించి కూడా అడిగా. బాక్సు చేస్తే చానల్ మెలి తిరగకుండా ఆపే బిగువు వందల రెట్లు పెరుగుతుంది, అది నిజం, అమెరికాలో పాత కార్లని స్పీడు బండ్లుగా మార్చుకునే హాట్ రాడ్ వాళ్ళు ఫోర్డ్ మోడల్ ఏ చాసీలకి అలాగే చేస్తారు ఎందుకంటే వాళ్ళు 40 హార్స్ పవర్ ఇంజిన్ తీసేసి పెద్ద వీ8 పెడతారు. మోడల్ ఏ చాసీకి పుట్టుకతో ఉన్నది మూడే క్రాస్ మెంబర్లు కాబట్టి 1932 ఫోర్డ్‌లో వచ్చిన 'కే' ఆకారం మెంబర్, 1933, 34 మోడళ్ళలో వచ్చిన 'ఎక్స్' ఆకారం మెంబర్ స్క్రాప్ బండ్ల నుంచి కోసి తెచ్చి దాంట్లో పెట్టుకుంటారు, ఆ పద్ధతికి అక్కడ పెద్ద చరిత్రే ఉంది. అది వాళ్ళ అవసరం. మనది అదే ఇంజిన్, అదే బరువు, పొలం గట్ల మీద తిరిగే బండి, కమాన్ కట్టలు గట్టిగా ఉండే బండి, చాసీ కొంచెం ఒంగితేనే నాలుగు చక్రాలూ నేల పట్టుకుంటాయి. పైగా బాక్సు లోపలికి వెళ్ళిన నీళ్ళు, బురద బయటికి రావు, మన వర్షాలకి లోపల్నుంచి తుప్పు తినేస్తే బయటికి కనపడదు కూడా.

ఇంక సరుకు వెతకడం. నాకు ఎక్కువ నచ్చిన భాగం ఇదే. పాత జీపుల స్క్రాపు ఆటోనగర్‌కి రకరకాలుగా వస్తుంది, డిపార్ట్‌మెంట్ల వేలం బండ్లు, పాడేరు అరకు వైపు షేర్ జీపులుగా తిరిగి తిరిగి రిటైర్ అయినవి, పొలాల్లో ఏళ్ళుగా నిలిచిపోయినవి. మేస్త్రి గారు షేర్ జీపుల వెనక మెంబర్ అసలు ముట్టుకోరు, వెనక బంపర్ మీద కూడా మనుషులు నిలబడి ఘాట్ ఎక్కిన బండ్లవి, బయటికి బాగున్నా రివెట్ల దగ్గర అలసిపోయి ఉంటాయి అంటారు. డీజిల్ మార్పించిన బండ్ల మధ్య మెంబర్ కూడా తీసుకోరు, కొత్త ఇంజిన్ కోసం అక్కడ ఎవడో ఒకడు కోసి, అతికి, కొత్త రంధ్రాలు కొట్టి ఉంటాడు. పొడుగు జీపు మెంబర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒక కొట్టతను అదే తక్కువకి ఇస్తా అన్నాడు, మేస్త్రి గారు టేపు పెట్టి రంధ్రాల దూరం చూపించి వద్దని పక్కన పెట్టేశారు.

దొరికిన ముక్కని చూసే పద్ధతి కూడా రాస్తా, మీకు పనికొస్తుంది. ముందు వైర్ బ్రష్‌తో తెల్లగా రుద్దుతారు. తర్వాత చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతారు, మంచి చోట గణగణ మోగుతుంది, తుప్పు పొరలు ఉన్నచోట చచ్చు శబ్దం వస్తుంది. ఆ తర్వాత కిరసనాయిల్ పూసి కాసేపు ఉంచి శుభ్రంగా తుడిచి సుద్దపొడి రాస్తారు, సన్నటి చీలిక ఉంటే లోపల దాక్కున్న కిరసనాయిల్ సుద్దలోకి ఊరి గీతలా బయటపడుతుంది. పెద్ద కంపెనీల్లో డై పెనెట్రెంట్ అని స్ప్రే డబ్బాలతో చేసే టెస్టు ఇదే, మన వాళ్ళు ఎప్పట్నుంచో కిరసనాయిల్‌తో చేస్తున్నారు. చివర్లో వెర్నియర్ పెట్టి రేకు మందం నాలుగైదు చోట్ల చూస్తారు, తుప్పు గుంటల దగ్గర ముఖ్యంగా.

ఇంకో పట్టుదల ఉంది ఆయనకి, గ్యాస్ కటింగ్‌తో కోసిన మెంబర్ కొనరు. స్క్రాప్ కొట్లలో టైం కలిసొస్తుందని క్రాస్ మెంబర్ చివర దాకా గ్యాస్‌తో కోసేస్తారు, అంచులు కాలిపోయి వంకర్లు పోతాయి, రివెట్ రంధ్రాలు కూడా పోతాయి. అందుకని ఈయన ముందే కొట్టు వాళ్ళకి చెప్పి, రెండు పక్కలా జానెడు సైడ్ చానల్ ముక్క కూడా కలిపి కోయిస్తారు. షెడ్డుకి తెచ్చాక ఒక్కొక్క రివెట్ తల మధ్యలో పంచ్ కొట్టి, డ్రిల్లు వేసి, ఉలితో తల లేపి, మేకు దించి బయటికి కొడతారు. దీనికి ఓపిక కావాలి, కానీ మెంబర్ కంపెనీలో పుట్టినట్టే బయటికి వస్తుంది, రంధ్రాలు గుండ్రంగా ఉంటాయి.

ఇదే మాటల్లో ఆయన చెప్పిన ఒక సంగతి జీపు పిచ్చి ఉన్నవాళ్ళకి నచ్చుతుంది. రెండో ప్రపంచ యుద్ధం జీపులు విల్లీస్ వాళ్ళవి ఎంబీ, ఫోర్డ్ వాళ్ళవి జీపీడబ్ల్యూ, చూడ్డానికి కవలలే, పార్టులు కూడా మార్చుకోవచ్చు. రేడియేటర్ కిందకి వంగి ముందు క్రాస్ మెంబర్ చూస్తే తేడా తెలిసిపోతుంది, విల్లీస్‌ది గుండ్రటి పైపు, ఫోర్డ్‌ది బోర్లించిన 'యూ' ఆకారం. యుద్ధం అయ్యాక మిలిటరీ డిస్పోజల్స్‌లో మన దేశంలో చాలా జీపులు అమ్మేశారు కదా, వాటిలో కొన్ని ఇప్పటికీ ఊళ్ళలో ఉన్నాయి, తుక్కు కింద అమ్మేముందు ఒక్కసారి ఆ ముందు మెంబర్ చూడండి దయచేసి.

పనిలోకి వస్తే, బాడీ ఎత్తి పక్కన పెట్టి, చాసీని కమాన్ కట్టల హ్యాంగర్ల దగ్గర స్టాండ్ల మీద నిలబెట్టారు. మధ్యలో దిమ్మెలు పెట్టి నిలబెడితే చానల్ తన బరువుకి తనే కాస్త ఒంగుతుంది, ఆ ఒంపులోనే కొత్త మెంబర్ బిగిస్తే ఆ ఒంపు శాశ్వతం అయిపోతుంది. తర్వాత నాలుగు మూలల నుంచి తూకం గుండు వేలాడేసి కింద గచ్చు మీద సుద్దతో చుక్కలు పెట్టారు, ఆ చుక్కల మధ్య ఐమూల కొలతలు టేపుతో తీశారు. రెండు ఐమూలలూ సమానంగా ఉండాలి, మాది 11 మిల్లీమీటర్లు తేడా వచ్చింది, అంటే ఒక చానల్ ముందుకి జరిగి చాసీ పక్కకి వాలింది. బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వచ్చేది ఇందుకే. అలైన్‌మెంట్ సెంటర్‌లో ఎన్నిసార్లు డబ్బులు కట్టినా వాళ్ళు చక్రాలు చూస్తారు గానీ చాసీ చూడరు కదా.

గొలుసు కట్టి జాకీతో మెల్లగా లాగారు, గ్యాస్ పెట్టి వేడి చేయలేదు, ఆ విషయం నేను ముందే అడిగి ఖాయం చేసుకున్నా. కాస్త ఎక్కువ లాగి వదిలేస్తారు, అది కొంత వెనక్కి వస్తుంది, మళ్ళీ కొలుస్తారు, మళ్ళీ లాగుతారు. 2 మిల్లీమీటర్ల తేడాకి వచ్చాక ఆపారు. అప్పుడు యాంగిల్ ముక్కలు అడ్డంగా బిగించి చాసీని ఆ కొలతలో కట్టేశారు, ఆ తర్వాతే పాత మెంబర్ విప్పారు, అదీ ఒకేసారి రెండూ కాదు, వెనకది పూర్తయ్యాకే మధ్యదాని మీద చెయ్యి వేశారు. వేరే చోట్ల ముందు అన్నీ విప్పి పారేసి, కొత్తవి పెట్టేటప్పుడు సుత్తితో కొట్టి కుదిర్చే వాళ్ళని చూశా, ఇక్కడ ఆ పని లేదు, మెంబర్ చేత్తో తోస్తే కూర్చుంది.

రివెట్లు కొట్టడం చూడాలి అసలు. బొగ్గుల కొలిమి పెట్టి రివెట్లని ఎర్రగా కాలుస్తారు, ఒక కుర్రాడు పట్టకారుతో తీసి రంధ్రంలో పెడతాడు, లోపలి వైపు ఇంకొకతను డాలీ అనే బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటాడు, మేస్త్రి గారు ఇవతల్నుంచి సుత్తితో తల కట్టి స్నాప్ అనే గుంట అచ్చు పెట్టి గుండ్రంగా దిద్దుతారు, ఇదంతా ఎరుపు పోకముందే అయిపోవాలి. వేడి మీద కొట్టిన రివెట్ ఉబ్బి రంధ్రాన్ని నిండా నింపుతుంది, చల్లారేటప్పుడు కుంచించుకుని రెండు రేకుల్నీ దగ్గరకి లాగి బిగిస్తుంది. ఆ బిగింపు వల్ల రేకుల మధ్య రాపిడి కూడా కొంత బరువు మోస్తుంది. రంధ్రాలు కోలగా అయినచోట రీమర్‌తో గుండ్రంగా పెద్దది చేసి ఒక సైజు పెద్ద రివెట్ కొట్టారు. డాలీ పట్టే చోటు లేని రెండు మూలల్లో మాత్రం హై టెన్సైల్ బోల్టులు, 10.9 గ్రేడువి, అది కూడా రంధ్రంలో వదులు లేకుండా టైట్‌గా పట్టేవి వేశారు.

వెల్డింగ్ అసలు వాడలేదా అంటే వాడారు, సైడ్ చానల్‌లో ఉన్న పాత చీలికకి. చీలిక చివర చిన్న రంధ్రం వేశారు అది ఇంకా పాకకుండా, గాడి తీసి వెల్డ్ చేసి గ్రైండ్ చేసి సమం చేశారు, దాని మీద లోపలి వైపు ఒక ప్లేటు పెట్టారు, ఆ ప్లేటు చదరంగా కాకుండా రెండు చివర్లా కోసుగా కోశారు. చదరపు ప్లేటు అయితే దాని నిలువు అంచు దగ్గర చాసీ ఒక్కసారిగా బలం మారిపోయి సరిగ్గా ఆ గీత మీద విరుగుతుంది, కోసుగా ఉంటే బలం మెల్లగా మారుతుంది. ఆ చీలిక ఉన్న చోట తప్ప చానల్ పై అంచూ కింది అంచూ మీద మాత్రం ఎక్కడా వెల్డింగ్ గానీ డ్రిల్లు గానీ పెట్టలేదు, చాసీ ఒంగినప్పుడు ఎక్కువ లాగుడు పడేది ఆ అంచుల మీదే. లారీ కంపెనీలు బాడీ బిల్డర్లకి ఇచ్చే పుస్తకాల్లో కూడా ఇదే రాసి ఉంటుంది, మేస్త్రి గారు ఆ పుస్తకాలు చదివింది లేదు, పాత చీలికలు చూసి చూసి తెలుసుకున్నారు.

కొక్కెం కోసం మిలిటరీ జీపుల పద్ధతిలో రెండు ఏటవాలు బ్రేసులు కూడా స్క్రాపు నుంచే తీసి పెట్టారు. ఇది నేను అడగలేదు, ట్రైలర్ మళ్ళీ తగిలిస్తారా అని ఆయనే అడిగి, తగిలిస్తాం అంటే అవి లేకుండా కొక్కెం పెట్టను అన్నారు.

అయ్యాక టెస్టు అక్కడే చేసి చూపించారు. ఒక వెనక చక్రం కింద సిమెంట్ దిమ్మె పెట్టి ఎత్తి, వెనక డోరుకీ బాడీకీ మధ్య సందు రెండు పక్కలా కొలిచారు, దిమ్మె తీసి మళ్ళీ కొలిచారు, సందు మళ్ళీ మొదటి కొలతకే వచ్చింది. మునుపు ఇలా ఎత్తితే డోరు గొళ్ళెం ఊడిపోయేది. ఇంటికి తీసుకెళ్ళాక కూడా అదే గుంటల్లో తిప్పి చూశా, గేరు జారడం పూర్తిగా పోయింది, స్టీరింగ్ తిన్నగా ఉంది, విండ్ షీల్డ్ ఫ్రేం గడగడ మాత్రం కొంచెం ఉంది, అది చాసీ సంగతి కాదు రబ్బర్లు మార్చుకోవాలి.

ఇక కాగితాల విషయం, పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ చదవండి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటి ఉండాలి, బండి అసలు రూపంలో ఉండాలి, చాసీలో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేసి పెద్ద ఓవర్‌హాల్ చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యువల్ 5,000, నెంబర్ ప్లేట్ మీద 'వీఏ' అని వస్తుంది. ఆ నెంబర్ తీసుకుంటే ర్యాలీలకి, ఎగ్జిబిషన్లకి, పెట్రోల్‌కి, రిపేర్‌కి లాంటి పనులకే రోడ్డెక్కాలి, రోజూ తిప్పడానికి కాదు, కాబట్టి పొలానికి వాడుకునేవాళ్ళు ఆలోచించుకుని తీసుకోండి. నేను చెప్పేది ఏంటంటే, రేపు ఆ నెంబర్ కావాలన్నా 75 చానళ్ళు వెల్డ్ చేసి, బాక్సు చేసి పెట్టిన చాసీ చూపిస్తే అది మార్పు అనడానికి ఆస్కారం ఇచ్చినట్టే, అదే మోడల్ మెంబర్ అదే రంధ్రాల్లో అదే రివెట్లతో ఉంటే అది రిపేర్. ఇంకోటి, సైడ్ చానల్ మీద కొట్టిన చాసీ నెంబర్ ఉన్న భాగం ఏ పరిస్థితిలోనూ కోయనివ్వకండి, దాని మీద గ్రైండర్ కూడా తగలనివ్వకండి. మేస్త్రి గారు పని మొదలెట్టే ముందు ఆ నెంబర్ మీద గ్రీజు పూసి గుడ్డ చుట్టి కట్టేశారు, నన్ను ముందే ఫోటో తీసి పెట్టుకోమన్నారు. స్క్రాప్ కొన్న కొట్టు నుంచి కాగితం మీద రసీదు కూడా ఇప్పించారు, పాత ముక్కలు ఎక్కడివి అని ఎవరైనా అడిగితే చూపించడానికి.

బాగోని విషయాలు కూడా ఉన్నాయి. టైం అసలు నమ్మకండి, చెప్పిన దానికి రెట్టింపు కంటే ఎక్కువే పట్టింది, మధ్యలో సరుకు దొరకలేదు, తర్వాత కొలిమి కుర్రాడు సంక్రాంతికి ఊరెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "అవుతుందండీ" తప్ప ఇంకో మాట రాదు. ఎస్టిమేట్ కాగితం మీద రాసివ్వరు, నేనే ఒక పేపర్ మీద రాసి సంతకం పెట్టించుకున్నా, దానికి ఏమీ అనుకోలేదు. అన్నిటికంటే నాకు నచ్చనిది పెయింట్. ఇంత మంచి పని చేసి, కింద దుమ్ము కూడా సరిగ్గా దులపకుండా రెడ్ ఆక్సైడ్ ఒక చెయ్యి లాగించి మీద నల్ల పెయింట్ కొట్టేశారు, చానల్ లోపలి మూలల్లో బ్రష్షే వెళ్ళలేదు. చెప్తే మళ్ళీ కొట్టారు, అయినా అంతంత మాత్రమే. నేను ఇంటి దగ్గర మళ్ళీ విడిగా ప్రైమర్ కొట్టించి, రెండు రేకులు కలిసే చోట్ల పాత ఇంజిన్ ఆయిల్ స్ప్రే చేయించా, నీళ్ళు దూరేది అక్కడే కాబట్టి. మీరు వెళ్తే పెయింట్ వాళ్ళకి వదలొద్దు, రివెట్లు అయ్యాక బండి తెచ్చేసుకుని వేరే చోట చేయించుకోండి.

ఖర్చు విషయానికొస్తే మెంబర్లు రెండూ, బ్రేసులూ కలిపి 9,000 అయ్యాయి, లేబరు 26,000, బోల్టులు రివెట్లు బొగ్గు అంతా అందులోనే. తుక్కు రేటుతో పోల్చి కొందరు ఎక్కువ అంటారు, కానీ కిలోల లెక్కన కొనే ఇనుము కాదు ఇది, రివెట్ రివెట్ విప్పి తీసిన పార్టు. 75 చానల్ వెల్డింగ్ వాళ్ళు ఇందులో మూడో వంతుకి చేస్తామన్నారు, అది ఎలా ఉంటుందో పైన రాశాను.

అంబాసిడర్, ఫియట్ ఉన్నవాళ్ళు ఈ షెడ్డుకి వెళ్ళి ఉపయోగం లేదు, వాటికి విడిగా చాసీ ఉండదు, బాడీయే చాసీ, అది వేరే విద్య, మేస్త్రి గారు కూడా నాది కాదు అని చెప్పి పంపించేస్తారు. స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి విడి చాసీ బండ్లు చూస్తారా అని అడిగా, తెస్తే చూస్తా అన్నారు, దానికి స్క్రాపు దొరకడమే కష్టం అన్నారు. సీజే 3బీ అయినా, పాత విల్లీస్ అయినా, ఆ తర్వాత వచ్చిన చిన్న జీపులైనా ధైర్యంగా తీసుకెళ్ళండి.

వెళ్ళేవాళ్ళు పొద్దున పది లోపు వెళ్ళండి, ఆ తర్వాత ఆయన స్క్రాప్ కొట్ల వైపు వెళ్ళిపోతారు. ఆర్‌సీ కాపీ పట్టుకెళ్ళండి, బండి కింద బురద కడిగించి తీసుకెళ్ళండి, కడగని బండి కిందకి ఆయన దూరరు. బోల్టులు వేసిన చోట్ల 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చూపించమన్నారు, దానికి డబ్బులు తీసుకోరట. మాది స్టీరింగ్ బాక్స్ దగ్గర చానల్‌కి ఒక ప్లేటు పని ఇంకా ఉంది, జీపుల్లో ఎడమ కుడి ఏ వైపు స్టీరింగ్ ఉంటే ఆ వైపు చానల్ చీలే చోట్లలో అదొకటి, కోతలు అయ్యాక అది కూడా ఇక్కడే చేయిస్తాను.